విండో మాట వినకపోతే: పాతకాపు సలహాలు

విండోలను సర్దే పనిలో నాకు ఇరవై ఏళ్ళ అనుభవం. ఈ ఇరవై ఏళ్ళలో ఒకే ప్రోగ్రామును నాలుగు భాషల్లో రాశాను. ముందు సీ, తరవాత పెర్ల్, ఆపైన పైథాన్, ఇప్పుడు జావాస్క్రిప్టు. ప్రోగ్రాము చేయాల్సిన పని ఒక్కటే. పొద్దున్నే కంప్యూటరు తెరవగానే నాలుగు విండోలను తెర నాలుగు మూలలా కూర్చోబెట్టాలి. ఏ భాషలో రాసినా మూడు విండోలు బుద్ధిగా కూర్చున్నాయి. నాలుగోది మాత్రం అలిగిన అల్లుడిలా తెర మధ్యలో నిలబడింది. అయితే భాష మార్చిన ప్రతిసారీ నాకు ఇంక్రిమెంటు వచ్చింది కాబట్టి నా పద్ధతిలో లోపం లేదని రుజువైంది. ఆ పద్ధతిని కుర్రకారు చేతిలో పెడదామని ఈ పది సలహాలు.

1. ముందు భాష మార్చండి

బగ్ కనిపించగానే వెతకడం మొదలుపెడితే అది దొరికే ప్రమాదం ఉంది. భాష మార్చడం మేలు. కనీసం ఆరు నెలలు మిమ్మల్ని బగ్ గురించి ఎవరూ అడగరు. సీలో ఉన్నప్పుడు "మెమరీతో తంటా" అనండి. పైథాన్‌లోకి వచ్చాక "పైథాన్ నెమ్మది" అనండి.

ఇక్కడ కొందరు అడ్డుపుల్ల వేస్తారు. లినక్సులో గ్నోమ్ వాళ్ళది డబ్ల్యూఎన్‌సీకే అని ఒక లైబ్రరీ ఉంది. విండో నావిగేటర్ కన్‌స్ట్రక్షన్ కిట్ అనే పేరును ఒక్క అచ్చు కూడా మిగలకుండా కుదించారు. తెర మీద ఏయే విండోలున్నాయో, ఏది ముందుందో చెప్పేది అదే. దాన్ని రాసింది సీలో. పెర్ల్, పైథాన్, జావాస్క్రిప్టు బైండింగులు మాట అటూ ఇటూ చేరవేసే దుబాసీలు, అంతే. ఆ లైబ్రరీ కూడా సొంత తెలివితో చెప్పేదేమీ లేదు. 1984లో ఎం.ఐ.టి.లో పుట్టి, 1987లో పదకొండో రూపం దాల్చి, నేటికీ ఆ పదకొండు దగ్గరే ఆగిన ఎక్స్ విండో వ్యవస్థను అడిగి చెబుతుంది.

"దుబాసీని మారిస్తే దొరగారి జవాబు మారుతుందా సార్?" అని మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. ఆమెను డాక్యుమెంటేషన్ పనికి మార్చాను.

2. ఎక్స్‌ప్రాప్ జోలికి పోవద్దు

ఎక్స్‌ప్రాప్ అని ఒక చిన్న సాధనం ఉంది. టెర్మినల్లో దాని పేరు కొట్టి, ఏదైనా విండో మీద మౌసు నొక్కితే చాలు, ఆ విండో జాతకమంతా వరసగా చెప్పేస్తుంది: శీర్షిక, రకం, ఏ వర్క్‌స్పేసులో ఉంది, ఏ ప్రాసెస్‌ది. కొలతలు కావాలంటే దాని తోబుట్టువు ఎక్స్‌విన్‌ఇన్ఫో ఉంది. ఈ రెండూ మీ బైండింగు మొహం కూడా చూడవు. నేరుగా ఎక్స్‌నే అడుగుతాయి.

ప్రమాదమంతా అక్కడే. మీ ప్రోగ్రామూ ఎక్స్‌ప్రాపూ ఒకే తప్పు జవాబిస్తే లోపం కింద ఎక్కడో ఉన్నట్టు. రెండూ వేరువేరుగా చెబితే దుబాసీ అయినా పొరబడ్డాడు, మీరైనా పొరబడ్డారు. రెండు నిమిషాల్లో సగం చిక్కు విడిపోతుంది. మిగతా మూడు వారాలకు ఏం పని చెప్పుకుంటారు? కాబట్టి ఆ సాధనాన్ని ఆఫీసు కంప్యూటర్లలోంచి తీసేయించండి. కారణం అడిగితే సెక్యూరిటీ అనండి.

3. గడప దాటకముందే లెక్క అడగండి

ప్రోగ్రాము మొదలైన మరుక్షణమే "ఎన్ని విండోలున్నాయి?" అని డబ్ల్యూఎన్‌సీకేని అడగండి. ఏమీ లేవంటుంది. కళ్ళ ముందు తెర నిండా విండోలుంటాయి, లిస్టు మాత్రం ఖాళీ. "ముందున్న విండో ఏది?" అని అడగండి. సీలో నల్ అంటుంది, పైథాన్‌లో నన్ అంటుంది. లేదు అనే మాటను ఒక్కో దుబాసీ ఒక్కో యాసలో అంటాడు. ఈ యాసల తేడాల మీద ఇరవై పేజీల నివేదిక రాసి పై వాళ్ళకు పంపండి.

అసలు సంగతి ఏమంటే, ఎక్స్ దగ్గరి నుంచి వచ్చిన ఉత్తరాలను లైబ్రరీ ఇంకా విప్పలేదు. మెయిన్ లూప్ తిరగడం మొదలైతే విప్పుతుంది. అంత ఓపిక లేని వాళ్ళకోసం ఫోర్స్ అప్‌డేట్ అనే ఫంక్షన్ ఉంది. లిస్టు అడిగే ముందు దాన్ని ఒక్కసారి పిలిస్తే అప్పటికప్పుడు అన్నీ విప్పి చదివేస్తుంది. ఇది ఏ బైండింగులో అయినా ఒకటే.

మీరు మాత్రం రెండు సెకన్ల స్లీప్ పెట్టండి. ఉత్తరాలు విప్పాల్సిన వాడినే రెండు సెకన్లు నిద్రపుచ్చితే ఉత్తరాలు ఎవరు విప్పుతారని అనుమానం రావచ్చు. అనుమానాన్ని కూడా నిద్రపుచ్చండి. రెండు చాలకపోతే ఐదు చేయండి. నేను చేశాను, ఆపైన ఎవరూ చూడకుండా ఫోర్స్ అప్‌డేట్‌నూ పిలిచాను.

డాక్యుమెంటేషన్ అమ్మాయి మళ్ళీ వచ్చింది. "సార్, ఆ నాలుగోది ఆలస్యంగా తెరుచుకుంటున్నట్టుంది. మనం చూసే వేళకు అది ఇంకా పుట్టనే లేదు. కొత్త విండో తెరుచుకున్నప్పుడల్లా లైబ్రరీయే కబురు పంపుతుంది. ఆ కబురు వింటే సరిపోతుంది కదా?" అంది. విండో చెబితే మనం వినడమేమిటమ్మా, మనం చెబితే విండో వినాలి అన్నాను. సీనియర్ అంటే అదీ.

4. అర్జీ పెట్టవద్దు, ఆజ్ఞ జారీ చేయండి

ఎక్స్‌లో ఒక ప్రోగ్రాము ఇంకొకరి విండోను ముందుకు తేవాలంటే నేరుగా లాగదు. రూట్ విండో పేరిట ఒక సందేశం పంపుతుంది. విండో మేనేజరు దాన్ని చదివి, నచ్చితే ఒప్పుకుంటుంది, లేకపోతే పక్కన పడేస్తుంది. అంటే మీరు పంపేది అర్జీ. అర్జీ మీద తేదీ ఉండాలి: వాడుకరి చివరిసారి కీ కొట్టిన, లేదా మౌసు నొక్కిన సమయం. మీరు పాస్‌వర్డు కొడుతుండగా ఎక్కడి నుంచో ఇంకో విండో ఊడిపడి ఆ అక్షరాలు మింగేయకుండా చూసుకోవడానికే ఈ తేదీ పట్టింపు.

మనకెందుకు ఆ పట్టింపులు? తేదీ ఉండాల్సిన చోట సున్నా పెట్టండి. పని జరగకపోవచ్చని లైబ్రరీ హెచ్చరిక రాస్తుంది. హెచ్చరికలు కనిపించకుండా చేయడం ప్రతి భాషలోనూ ఉంది. అప్పటికీ విండో ముందుకు రాకపోతే అదే అర్జీని వందసార్లు లూపులో పంపండి. సర్కారు ఆఫీసులో ఒకే అర్జీని వందసార్లు పెట్టిన వాడికి ఏ మర్యాద జరుగుతుందో మీ విండోకూ అదే జరుగుతుంది.

విండోస్‌లో పని చేసే తమ్ముళ్ళూ సంబరపడకండి. అక్కడ కూడా వెనకనున్న ప్రోగ్రాము తన ఇష్టమొచ్చినట్టు ముందుకు దూకలేదు. టాస్క్‌బార్‌లో గుర్తు మిణుకుమిణుకుమంటుంది, అంతే. ఆ మిణుకునే ఫీచరని క్లయింటుకు చెప్పండి.

5. విండోను తెలుగు పేరు పెట్టి పిలవండి

విండోకు ఒక ఐడీ ఉంటుంది. ఎక్స్‌లో అయితే ఏ రకం ప్రోగ్రామో చెప్పే క్లాసు కూడా ఉంటుంది. అవన్నీ మానేసి శీర్షికను బట్టి వెతకండి. బ్రౌజరులో ట్యాబు మారితే శీర్షిక మారుతుంది, ఫైలు సేవ్ చేయకపోతే పక్కన చుక్క చేరుతుంది. రోజుకో పేరు చెప్పే మనిషిని పేరు పెట్టి వెతకడంలో ఉన్న మజా వేరు.

ఇక శీర్షిక తెలుగులో ఉంటే పండగే. విండోస్‌లో శీర్షికను తెచ్చే ఫంక్షన్ రెండు రూపాల్లో ఉంటుంది. చివర 'ఏ' అని ఉన్నది పాత కోడ్‌పేజీల కాలానిది, డబ్ల్యూ అని ఉన్నది యూనికోడ్‌ది. తెలుగుకు విండోస్‌లో 'ఏ' రూపానికి పనికొచ్చే సొంత కోడ్‌పేజీ అంటూ లేదు, అది మొదటి నుంచీ యూనికోడ్ బిడ్డే. అందుకని 'ఏ' రూపాన్ని పిలిస్తే సాధారణంగా మన అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలై వస్తాయి. పైథాన్‌లో సీటైప్స్ వాడితే ఏది పిలవాలో మీరే పేరు రాసి చెప్పాలి. సీ షార్ప్‌లో ఏమీ చెప్పకుండా వదిలేస్తే దుబాసీ 'ఏ' వైపుకే పోతాడు. అందుకే ఒకే పని చేసే రెండు ప్రోగ్రాముల్లో ఒకటి తెలుగు చదువుతుంది, రెండోది నోరెళ్ళబెడుతుంది.

మా వాళ్ళు డబ్ల్యూ రూపానికి మారదామన్నారు. అవసరం లేదన్నాను. ప్రశ్నార్థకాలను లెక్కపెడితే సరిపోతుంది. 'జీతాలు' అనే విండోకు ఆరు ప్రశ్నార్థకాలు వస్తాయి. గుడి దీర్ఘమైనా కొమ్మైనా విడిగా ఒక సంకేతం కదా, జాగ్రత్తగా లెక్కపెట్టాలి. 'బిల్లులు' అంటే ఎనిమిది, మధ్యనున్న పొల్లుతో సహా. ఈ పద్ధతి మూడు నెలలు భేషుగ్గా నడిచింది. ఆ తరవాత 'సెలవులు' విండో మూయబోతే 'ఖర్చులు' విండో మూతపడింది. రెండింటికీ ఏడేసి. ఇది తెలుగు లిపి లోపమని నివేదికలో రాశాను.

ఎక్స్‌లో కూడా శీర్షికకు రెండు అరలుంటాయి, పాతదొకటి, యూటీఎఫ్-8దొకటి. మీరు తప్పకుండా పాత అరే తెరవండి.

6. అంకె ఎక్కడైనా అంకే అనుకోండి

ఒక విండో అన్ని వర్క్‌స్పేసుల్లోనూ కనిపించాలంటే, దాని వర్క్‌స్పేసు సంఖ్య ఉండాల్సిన చోట 32 బిట్లూ ఒకట్లతో నింపుతారు. గుర్తులేని పూర్ణాంకంగా చదివే భాషలో అది 4294967295. గుర్తున్న పూర్ణాంకంగా చదివితే -1. ఇద్దరు దుబాసీలూ నిజమే చెబుతున్నారు. మీరు మాత్రం "మా విండో 429 కోట్ల 49 లక్షల 67 వేల 295వ వర్క్‌స్పేసులోకి పారిపోయింది" అని బగ్ నమోదు చేయండి.

ఇంకో చోద్యం. ఎక్స్ పంపేది 32 బిట్ల విలువలే అయినా, సీలోని ఎక్స్‌లిబ్ లైబ్రరీ వాటిని లాంగ్ అనే రకంలో అందిస్తుంది. 64 బిట్ల లినక్సులో లాంగ్ అంటే ఎనిమిది బైట్లు. మీ బైండింగులో నాలుగేసి బైట్లుగా చదివారనుకోండి, ఒకటి విడిచి ఒకటి సున్నా వస్తుంది. రకాన్ని సరిదిద్దకండి. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు సున్నాలు ఏరేయండి. వర్క్‌స్పేసుల లెక్క సున్నా నుంచే మొదలవుతుంది గనుక మొదటి వర్క్‌స్పేసు కూడా రాళ్ళతో పాటే పోతుంది. అక్కడి విండోలను రెండోదానికి మార్చుకోమని వాడుకరులకు సర్క్యులర్ పంపండి.

7. కబురు చేయమని చెప్పి ఇల్లు ఖాళీ చేయండి

విండో కదిలినప్పుడల్లా ఫలానా ఫంక్షన్‌ను పిలువు అని విండోస్‌కు ఒక హుక్ తగిలిస్తారు. అలా మీరిచ్చేది ఒక చిరునామా. సీలో ఆ ఇల్లు ప్రోగ్రాము నడిచినంతసేపూ అక్కడే ఉంటుంది. పైథాన్, సీ షార్ప్ వాడల్లో చెత్త బండి తిరుగుతుంది. మీరు ఆ కాల్‌బ్యాక్‌ను ఏ వేరియబుల్‌లోనూ దాచుకోలేదనుకోండి, ఎవరికీ అక్కర్లేదని ఎత్తుకుపోతుంది. ఆ తరవాత విండోస్ కబురు పట్టుకుని వచ్చి ఖాళీ స్థలంలో తలుపు తడుతుంది. ప్రోగ్రాము కుప్పకూలుతుంది.

సీ షార్ప్‌లో బండి ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి పరీక్షలో గట్టెక్కిన ప్రోగ్రాము క్లయింటు ముందు కూలుతుంది. పైథాన్‌లో బండిని ఆపేసినా లాభం లేదు, అక్కడ చేతిలోంచి జారిన క్షణమే వస్తువు పోతుంది. కాల్‌బ్యాక్‌ను ఒక పేరుకు కట్టి ఉంచితే రెండు చోట్లా చాలు. ఒక్క లైను. ఒక్క లైనుతో పోయే బగ్‌కు ఎస్టిమేటు ఏం వేస్తారు చెప్పండి?

8. దెబ్బ తగిలిన చోటే రాయి పుట్టిందని నమ్మండి

ఎక్స్‌కు మనం పంపే అర్జీలు ఒక్కొక్కటిగా పోవు. ఒక సంచీలో పోగై, కట్టగా పోతాయి. మూడో అర్జీలో తప్పుందని జవాబు వచ్చేసరికి మీ ప్రోగ్రాము నలభయ్యో అర్జీ రాస్తూ ఉంటుంది. ఎర్రర్ అక్కడ కనిపిస్తుంది. కాబట్టి నలభయ్యో లైనును చీల్చి చెండాడండి. సంచీ కట్టకుండా ఒక్కో అర్జీకి జవాబు వచ్చాకే ముందుకు కదిలేలా ఎక్స్‌ను నడిపే పద్ధతి ఉంది. గ్నోమ్ ప్రోగ్రాములకైతే ఒక్క ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెడితే చాలు. ప్రోగ్రాము నత్తలా నడుస్తుంది గానీ తప్పు పుట్టిన లైను దగ్గరే దొరుకుతుంది. నత్తలా నడవడం మన ప్రతిష్ఠకు భంగం.

ఎక్కువగా వచ్చేది బ్యాడ్ విండో అనే ఎర్రర్. మీరు లిస్టు తీసుకున్నాక, వివరాలు అడిగేలోపు ఎవరో ఆ విండోను మూసేశారని దాని అర్థం. విండోలు మూసుకోవడం సహజం, దానికి ముందే సిద్ధపడి ఉండాలంటారు తెలిసినవాళ్ళు. మీరు పైథాన్‌లో అన్ని లైన్లనూ కలిపి ఒకే ట్రైలో చుట్టి, ఎక్సెప్ట్ కింద పాస్ అని రాయండి. ఎక్స్‌లిబ్ సొంత ఎర్రర్ హ్యాండ్లరు పైథాన్‌ను అడగకుండానే ప్రోగ్రామును ముగించేస్తుంది కాబట్టి ఈ ట్రై ఆ ఎర్రర్‌ను ఆపదు. కానీ మీ సొంత తప్పులన్నింటినీ చక్కగా కప్పిపుచ్చుతుంది.

9. తేడా ఎంతుంటే అంత తీసేయండి

విండో కావలసిన చోటికి ఏడు పిక్సెళ్ళు పక్కన నిలబడిందా? ఏడు తీసేయండి. ఎందుకు ఏడు అని అడక్కండి. విండోస్ 10లో విండోకు ఎడమా కుడీ కిందా కంటికి కనిపించని అంచు ఉంటుంది, కొలతలో మాత్రం కలుస్తుంది. ఎక్స్‌లో శీర్షిక పట్టీ, చట్రం విండో మేనేజరు అతికిస్తుంది, వాటి మందం వేరుగా అడిగి తెలుసుకోవాలి. మ్యాక్‌లో అయితే ఒక లైబ్రరీ ఎత్తును పైనుంచి కొలుస్తుంది, ఇంకొకటి కిందినుంచి. తెర స్కేలు 150 శాతం చేస్తే ఏడు కాస్తా పెరుగుతుంది, అప్పుడు పెరిగినంతా తీసేయండి. విండోస్‌లో ఎప్పుడైనా అంకె -32000 వస్తే 32000 కలపకండి. ఆ విండోను ఎవరో మినిమైజ్ చేశారు.

10. కాలం మారినా మీరు మారకండి

2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ అనే ఆయన ఎక్స్ స్థానంలోకి రావడానికి వేలాండ్ మొదలుపెట్టాడు. ఇప్పుడు పెద్ద లినక్సు డెస్క్‌టాపులు చాలావరకు దాని మీదికే మారాయి. దాని మూల నియమాల ప్రకారం ఒక ప్రోగ్రాము పొరుగువాడి విండోలను చూడలేదు, కదపలేదు. సొంత విండోను కూడా తెర మీద ఫలానా చోట పెట్టమని పట్టుబట్టలేదు. గ్నోమ్ ప్రోగ్రాములు వాడే జీటీకే లైబ్రరీ 2020లో నాలుగో రూపం దాల్చినప్పుడు విండోను జరిపే ఫంక్షనే తీసేశారు. అలాంటి పని చేయాలంటే విండో మేనేజరు పని చేసే ఆయా కంపోజిటర్లు ఇచ్చే అదనపు ప్రోటోకాల్సో ఎక్స్‌టెన్షన్లో వాడాలి. పాత ఎక్స్ ప్రోగ్రాములు మాత్రం ఎక్స్‌వేలాండ్ అనే పక్క వాకిట్లోంచి వచ్చి, ఒకరికొకరు కనిపిస్తూ మునుపటిలాగే బతుకుతాయి.

పోయిన నెల మా కంప్యూటర్లన్నింటికీ వేలాండ్ వచ్చింది. నా ప్రోగ్రాము మారలేదు, ఎక్స్ పద్ధతిలోనే నడిపించాం. స్లీప్ అప్పటికి పది సెకన్లకు చేరింది. సోమవారం పొద్దున్న మేనేజరుగారు, క్లయింటు తరఫు ఇద్దరు, డాక్యుమెంటేషన్ అమ్మాయి చూస్తుండగా మీట నొక్కాను. పది సెకన్లు గడిచాయి. నాలుగో విండో లేచి, మెల్లగా జరిగి, తన మూలలో తాను కూర్చుంది. అది పాతకాలపు ఎక్స్ ప్రోగ్రాము, తెరుచుకోవడానికి ఎనిమిది సెకన్లు పడుతుందట. ఇరవై ఏళ్ళలో దానికోసం అంతసేపు ఎవరూ ఆగలేదు.

మిగతా మూడూ లిస్టులో లేవు. తెర మధ్యలో ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

అందరూ నా వైపు చూశారు. అమ్మాయి ఏదో చెప్పబోయింది. నేను చేత్తో వారించి, కీబోర్డు దగ్గరికి లాక్కుని, పదిని ముప్పై చేశాను.